సీటు ఇవ్వని టీము, వదలనివ్వని అగ్రిమెంటు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. పంతొమ్మిదేళ్ల మా అబ్బాయి కార్ రేసుల్లో పాల్గొంటున్నాడు. వాడికి పదిహేడేళ్లున్నప్పుడు తమిళనాడుకు చెందిన ఒక టీముతో మూడు సీజన్లకు అగ్రిమెంటు రాసుకున్నాం. గార్డియన్‌గా నేనూ సంతకం చేశాను. సీటు కోసం ఇప్పటికి 22 లక్షలు బ్యాంకు ద్వారా కట్టాను. ఈ సీజన్‌లో రెండు రౌండ్లకు ఇంజను సిద్ధం కాలేదని మావాణ్ని ఆపి, అదే కారును స్పాన్సరును తెచ్చుకున్న మరో కుర్రాడికి ఇచ్చారు. ఇప్పుడు వేరే టీము పిలుస్తోంది. పాత టీము మాత్రం, గడువు తీరేదాకానే కాక ఆ తర్వాత రెండేళ్లు కూడా ఇంకెవరి కారూ నడపకూడదని, నడిపితే 40 లక్షలు కట్టాలని, తగాదా వస్తే తమ మేనేజింగ్ డైరెక్టరే చెన్నైలో ఆర్బిట్రేటరుగా, అంటే మధ్యవర్తిగా తీర్పు చెబుతారని నోటీసు ఇచ్చింది. ఫార్ములా వన్‌లో పియాస్త్రి తగాదాను తేల్చిన బోర్డు దగ్గరికి మేమూ వెళ్లవచ్చా? లేక విజయవాడలో కేసు వేయాలా?

జవాబు: బోర్డు సంగతి ముందు చెబుతాను. ఆస్కార్ పియాస్త్రి తమ డ్రైవరేనని 2022 ఆగస్టులో ఆల్పీన్ టీము ప్రకటించగా ఆయన కాదన్నారు. కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు విచారించి, జూలై 4న మెక్‌లారెన్‌తో జరిగిన ఒప్పందమే చెల్లుతుందని సెప్టెంబరు 2న తేల్చింది. అది ఫార్ములా వన్ ఒప్పందాలను చూసే ఏర్పాటు కనుక మీ తగాదా అక్కడికి పోదు. మీకు వర్తించేది మన 1872 నాటి కాంట్రాక్టు చట్టమే.

వ్యక్తి నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించరాదని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది కనుక, మీ అబ్బాయిని తమ కారే నడిపి తీరాలని ఏ కోర్టూ శాసించదు. అయితే టీములు అడిగేది సాధారణంగా అది కాదు. ‘మాకు నడపకపోతే పోయె, ఇంకొకరికి నడపకుండా ఆపండి’ అని అడుగుతాయి. గడువు నడుస్తున్నంత కాలం అలాంటి షరతు చెల్లుతుందని నిరంజన్ శంకర్ గోలికరి కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 42వ సెక్షన్ కింద ఇంజంక్షన్ (నిషేధాజ్ఞ) ఇచ్చే వీలూ ఉంది. కాకపోతే అదే సెక్షన్ చివర, ఇంజంక్షన్ కోరేవారు ఒప్పందంలో తమ వంతు బాధ్యతను నెరవేర్చడంలో విఫలమై ఉండరాదన్న షరతు ఉంది. నా దృష్టిలో మీ కేసు మొత్తానికి ఆయువుపట్టు ఇదే. డబ్బు తీసుకొని కారు ఇవ్వని టీము ఈ షరతును దాటడం తేలిక కాదు.

అందుకే ‘ఇంజను సిద్ధం కాలేదు’ అన్న మాట అబద్ధమని రుజువు చేయడం మీద మీ శ్రమంతా పెట్టండి. సాంకేతిక కారణాలపై డ్రైవరును మార్చే హక్కు టీముకు ఉంటుందని చాలా అగ్రిమెంట్లలో ఒక క్లాజు ఉంటుంది; మీ దాంట్లో ఉందేమో చూడండి. ఉన్నా, ఆ రెండు రౌండ్ల ఎంట్రీ లిస్టులోనూ ఫలితాల షీటులోనూ అదే నంబరు కారు వేరే పేరుతో పరుగెత్తినట్టు ఉంటే ఆ క్లాజు వారిని కాపాడదు. ఆ కాగితాలను పోటీల నిర్వాహకుల నుంచి ఇప్పుడే తీసుకోండి. టీము మేనేజరు పంపిన వాట్సాప్ సందేశాలను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టక ఫోనును కూడా భద్రపరచండి; వాటిని సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. కారు ఇవ్వని రౌండ్ల తర్వాత మీవాడు మారు మాట్లాడకుండా వెళ్లి మళ్లీ అదే టీముకు నడిపి ఉంటే, జరిగినదానికి సమ్మతించాడని కాంట్రాక్టు చట్టం 39వ సెక్షన్‌ను చూపి వారు వాదిస్తారు. అప్పట్లో ఒక్క ఈమెయిలులోనైనా అభ్యంతరం చెప్పి ఉంటే అది వెతికి పెట్టుకోండి.

గడువు తీరాక రెండేళ్ల నిషేధం గురించి బెంగ పెట్టుకోకండి. జీవనోపాధిని అడ్డుకునే అలాంటి షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద ఆయన ఏజెన్సీ వేసిన కేసులో, గడువు తర్వాత కూడా ఆయనను కట్టివేయజూసిన షరతును సుప్రీంకోర్టు 2006లో ఈ సెక్షన్ కిందనే తోసిపుచ్చింది.

40 లక్షలు కూడా కాగితం మీద రాసినంత మాత్రాన రావు. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దాని లోపల సమంజసమైన పరిహారమే దక్కుతుంది. అసలు నష్టమే లేనప్పుడు పరిహారం ఉండదని కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జీతమిచ్చి పెట్టుకున్న డ్రైవరు వెళ్లిపోతే టీముకు నష్టమంటే అర్థముంది. ఇక్కడ డబ్బు కట్టింది మీరు, ఆ సీటును రెండుసార్లు ఇంకొకరికి ఇచ్చింది వారు.

ఇక మైనారిటీ, అంటే సంతకం నాటికి మీవాడు మైనరు అన్న ప్రస్తావన. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చింది, మేజరు అయ్యాక దాన్ని ఆమోదించినా అది బతకదు. గార్డియన్ సంతకం ఈ లోపాన్ని పూడుస్తుందా అంటే, సినిమాలో నటించడానికి మైనరు కూతురి తరఫున తండ్రి చేసుకున్న ఒప్పందం చెల్లదని రాజ్ రాణి కేసులో బొంబాయి హైకోర్టు చెప్పింది. కానీ ఆ కేసులో ఓడిపోయింది ఆ అమ్మాయే; నిర్మాత మాట తప్పాడని ఆమె వేసిన దావా కొట్టివేశారు. కాబట్టి ఈ వాదన మీకు డాలుగా పనికొస్తుంది కానీ కత్తిగా పనికిరాదు. టీము 40 లక్షలు అడిగితే మీ అబ్బాయి తరఫున ఇది గట్టి జవాబు. మీరే కట్టిన డబ్బులో వాటా వెనక్కి అడిగేటప్పుడు ‘ఒప్పందమే లేదు’ అని మొదలుపెడితే, ‘లేని ఒప్పందాన్ని మేమెలా ఉల్లంఘిస్తాం’ అని వారు అడుగుతారు. అందువల్ల ఉల్లంఘనను ప్రధాన వాదనగా, మైనారిటీని ప్రత్యామ్నాయంగా పెట్టాలని నా సలహా. పద్దెనిమిది నిండాక మీవాడు టీముకు ఏ కొత్త కాగితం మీదైనా సంతకం చేశాడా, మీరు గార్డియన్‌గానే కాక పూచీదారుగా కూడా సంతకం పెట్టారా అన్నవి చూడనిదే దీనిపై చివరి మాట చెప్పలేను.

టీము ఎండీయే ఆర్బిట్రేటరుగా కూర్చోవడం కుదరదు. ఆర్బిట్రేషన్ చట్టం 12(5) సెక్షన్ అందుకు అడ్డు, ఆయన తన తరఫున ఇంకొకరిని నియమించడం కూడా చెల్లదని పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే క్లాజు మొత్తం పోదు. విజయవాడలో దావా వేస్తే వారు 8వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టి దాన్ని ఆర్బిట్రేషన్‌కే పంపించమంటారు, మీకు కాలహరణం తప్ప ఒరిగేది ఉండదు. తటస్థుడైన ఆర్బిట్రేటరు కోసం 11వ సెక్షన్ కింద వెళ్లవలసింది మద్రాసు హైకోర్టుకే. సాక్షుల విచారణ మాత్రం విజయవాడలో జరపమని 20వ సెక్షన్ కింద ఆర్బిట్రేటరును కోరవచ్చు.

ఈలోగా నోటీసుకు జవాబు ఇవ్వకుండా కొత్త టీము కారు ఎక్కనివ్వకండి. ఉల్లంఘనలను తేదీలతో వివరించి, అందువల్ల ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నామని, కారు ఇవ్వని రౌండ్ల మేరకు సీటు డబ్బు తిరిగి ఇవ్వాలని వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. కొత్త టీముకు కూడా ఈ తగాదా సంగతి రాతపూర్వకంగా చెప్పండి. దావా వస్తే ఖర్చులు ఎవరు భరించాలో వారి అగ్రిమెంటులోనే రాయించుకోండి, మీ అబ్బాయి ఇప్పుడు మేజరు కనుక ఈసారి చేసే సంతకానికి పూర్తి బాధ్యత అతనిదే అవుతుంది.