పులికాట్ ఒడ్డున గదులు వేయబోతున్న మురళికి

చి. మురళికి, తిరుపతి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సూళ్లూరుపేట దగ్గర మీ అమ్మమ్మ ఇంటిని పక్షులు చూసేవాళ్లకు హోమ్‌స్టేగా మారుస్తావట, మీ అమ్మ చెప్పింది. మనవాడు ఊరికి తిరిగి పోతున్నాడని గర్వంగా ఉందిరా. భయంగానూ ఉంది.

పంచాయతీ అనుమతి, సీఆర్‌జెడ్ (తీర ప్రాంత కట్టడాల నియంత్రణ) అనుమతి, సరస్సులో పడవకు అటవీ శాఖ అనుమతి కాగితం మీదే తీసుకో. డ్రోన్ మాటే ఎత్తొద్దు. ఆ సరస్సు అభయారణ్యం, పక్కనే శ్రీహరికోట.

మరుగుదొడ్డి గుంత మే నెలలో తవ్విస్తావట! అక్కడే నాకు గుండె దడ. మేలో నాలుగు సిమెంటు వరలు దింపినా అడుగున పొడి ఇసుకే కనిపిస్తుంది, మేస్త్రీ భేషంటాడు. మన తీరానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు ఊటనీరు నేలకు అడుగు, రెండడుగుల లోతుకు వచ్చేస్తుంది. పక్షులూ, అతిథులూ వచ్చేది అప్పుడే. గుంతలో నీరు ఇంకదు, పోసిన నీళ్లు బేసిన్‌లోకి ఎగదన్నుతాయి. ట్యాంకరు పిలిచి తోడించావో, బయటి నీరు ఇసుకతో సహా లోపలికి తోసుకొచ్చి వరలు ఒరుగుతాయి. అన్నిటికంటే ఘోరం, ఆ మురికి ఇసుకలోంచి పక్కింటి చేతిపంపుకు చేరడం. వాంతులూ విరేచనాలూ మొదలయ్యేది ఆ ఇంటి పిల్లలకు.

అందుకే ముందు పాత బావి వరల మీద వానాకాలపు నీటి చార చూడు. గుంతలోకి పైపు పడే చోటు ఆ చారకు పైనే ఉండాలి. కాబట్టి మరుగుదొడ్డి నేలను రెండు మూడడుగులు లేపి కట్టు, పెద్దవాళ్లకు మెట్ల పక్కన పట్టుకునే కడ్డీ పెట్టు. రెండు గుంతలు వేయి, ఒకటి వాడుతుంటే రెండోది మూసి ఉండాలి. అడుగు కాంక్రీటుతో మూయించు, చుట్టూ అడుగున్నర మందాన సన్న ఇసుక నింపు. ఏ పంపుకైనా 10 మీటర్ల దూరం తగ్గనివ్వకు. ఐదారుగురి ఇంటికి సరిపోయే గుంత వారాంతాల్లో పన్నెండు మందికి చాలదు. ఖర్చని గొణగొద్దు, గదికి రంగులు తర్వాత వేసుకోవచ్చు.

పడవకు ఇంజను వద్దు, గెడతో తోసేదే పెట్టు. రాజహంసలు (ఫ్లెమింగోలు) ముక్కు తలకిందులుగా ముంచి బురదనీళ్లు వడకట్టుకుంటాయి. అన్నీ మేత ఆపి, మెడలెత్తి ఒకే వైపు నడిచాయంటే నువ్వు మరీ దగ్గరికెళ్లావని అర్థం. వెంటనే వెనక్కి తిప్పు. నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్ల కింద అరుపులు వద్దు. తల్లి లేచిందంటే కాకులు గుడ్లెత్తుకుపోతాయి.

పడవవాళ్లను ఊళ్లోంచే వంతులవారీగా పిలువు, కూలి ఆ సాయంత్రమే ఇచ్చెయ్. రొయ్యలు, పీతలు ఊరి ఆడవాళ్ల దగ్గరే కొను, బేరమాడకు. వేళకు తిను నాన్నా, చిక్కిపోయావని మీ అమ్మ బాధపడుతోంది.

మే మొదటి వారంలో నేనొస్తాను. బావి చార ఇద్దరం కలిసి చూసేదాకా వరలు దింపించొద్దు.

మీ పెదనాన్న