జైలు వార్డర్ ఉద్యోగం రోజూ ఎలా ఉంటుంది? మా తమ్ముడిని ఆప్షన్ పెట్టుకోమనాలా, వద్దా?

మీ తమ్ముడు పోలీసు నియామక పరీక్ష రాస్తున్నాడని, కానిస్టేబుల్ పోస్టులతో పాటు జైళ్ల శాఖలో వార్డర్ పోస్టుకు కూడా ఆప్షన్ ఇవ్వాలా అని ఇంట్లో చర్చ నడుస్తోందని రాశారు. "నాలుగు గోడల మధ్య నిలబడి కాపలా కాయడమే కదా, దానికంటే కానిస్టేబుల్ నయం" అని మీ నాన్నగారు అంటున్నారట. ఆ ఒక్క మాట చదివి ఇది రాయడానికి కూర్చున్నాను. నేను హైదరాబాద్‌లోనే వార్డర్‌గా చేరి హెడ్ వార్డర్‌గా రిటైరయ్యాను. ఏ జైలో చెప్పను. కింద రాసే విషయంలో వేరేవాళ్లు కూడా ఉన్నారు.

కాపలా ఆ పనిలో చిన్న భాగం. పొద్దున బ్యారక్ తాళం తీసేటప్పుడు లెక్క. కోర్టుకు వెళ్లేవాళ్లను గేటు దాటించేటప్పుడు లెక్క, వాళ్లు తిరిగొచ్చాక లెక్క, సాయంత్రం లాకప్ చేసేటప్పుడు మళ్లీ లెక్క. రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యకు, ఎదురుగా వరసల్లో కూర్చున్న మనుషులకు ఒక్కటి తేడా వచ్చినా ఎవరూ కదలడానికి లేదు. డ్యూటీ అయిపోయిన వార్డర్ కూడా ఇంటికి పోడు. రాత్రి భోజనం వెలుగుండగానే పెట్టేస్తారు, ఎందుకంటే చీకటి పడకముందే తాళాలు పడాలి. రంజాన్ నెల వస్తే ఈ వేళలన్నీ మారతాయి. ఉపవాసం ఉండేవాళ్లకు సహరీ అందాలంటే వంటగది తెల్లవారకముందే నడవాలి, ఇఫ్తార్ ఏమో లాకప్ వేళ మీదికి వస్తుంది. హైదరాబాద్‌లో ఈ పని చేసిన ఎవరినడిగినా ఆ నెల నిద్ర సంగతి చెబుతారు. ఆ నెలలో లోపల గొడవలు తక్కువ, అది కూడా చెబుతారు.

ఇంకో సంగతి, ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి వెళ్లాలి. ఇంట్లో ఏం జరిగినా ఆఫీసు నంబరుకు చేస్తే, అక్కడినుంచి ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. మా అమ్మాయికి కాన్పు అయిన సంగతి డ్యూటీ దిగి ఫోన్ చేతికొచ్చాకే నాకు తెలిసింది. ఆ కొన్ని గంటలు మనసు ఎంత కొట్టుకుందో నాకు తెలుసు. లోపల ఉన్నవాడికి రోజంతా, ప్రతిరోజూ అదే పరిస్థితి.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. లోపల పుట్టే గొడవలు, కొట్లాటలు, అన్నం మానేయడాలు, ఒంటి మీద గాట్లు పెట్టుకోవడాలు దాదాపు అన్నీ ఏమీ తెలియకపోవడం నుంచే వస్తాయి. వాయిదా ఎప్పుడో తెలియదు. వకీలు పిటిషన్ వేశాడో లేదో తెలియదు. ములాఖత్‌కు భార్య ఎందుకు రాలేదో తెలియదు. శిక్ష పడినవాడు కొంత స్థిమితంగా ఉంటాడు, తను ఎన్నాళ్లుండాలో అతనికి ఒక అంచనా ఉంటుంది. కేసు తేలకముందే లోపలున్న రిమాండ్ ఖైదీకి అది కూడా లేదు. 2022 జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం మన దేశం జైళ్లలో ఉన్నవాళ్లలో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు ఇంకా ఏమీ తేలనివాళ్లు. వాళ్ల దగ్గరికి సరైన సమాచారం మోసుకెళ్లే వార్డర్ ఉన్న బ్యారక్‌లో లాఠీతో పని పడదు. ఇది నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను.

ఒక శుక్రవారం సాయంత్రం సంగతి చెబుతాను. కోర్టు ఉత్తర్వులు ఈమెయిల్‌లో రాకముందు రోజులు. ఇరవై ఏళ్ల కుర్రాడు, సెల్‌ఫోన్ దొంగతనం కేసులో రిమాండ్‌కు వచ్చాడు. బెయిల్ అయింది, ష్యూరిటీలు (జామీను) పెట్టారు, రిలీజ్ ఆర్డర్ బయలుదేరిందని మధ్యాహ్నమే కబురొచ్చింది. విడుదలయ్యేవాళ్లకు లోపల ఒక అలవాటుంది. తమ దగ్గరున్న సబ్బు, మగ్గు, టవలు, మిగిలిన బిస్కెట్లు అన్నీ పక్కవాళ్లకు పంచేస్తారు. ఏదీ వెంట తీసుకుపోకూడదు, తీసుకుపోతే మళ్లీ రావాల్సి వస్తుందని నమ్మకం. ఈ కుర్రాడూ అన్నీ పంచేసి, తల దువ్వుకుని, పిలుపు కోసం తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఆర్డర్ వచ్చింది. అతన్ని జైలుకు పంపిన వారెంట్‌తో సరిచూస్తే, పోలీసులు కేసుకిచ్చే క్రైమ్ నంబరులో రెండు అంకెలు అటుదిటు అయ్యాయి. పేరు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, నంబరు మాత్రం వేరే కేసుది. ఇలాంటప్పుడు విడిచిపెట్టడం కుదరదు. ఒకే పేరున్న మనుషులు ఒకే జైల్లో ఎంతమంది ఉంటారో బయటివాళ్లకు తెలియదు. పొరపాటున వేరేవాణ్ణి వదిలితే గేటు మీదున్నవాళ్లందరి ఉద్యోగాలూ పోతాయి, కేసులూ అవుతాయి. ఆ అంకెలు దిద్దాల్సింది ఆర్డర్ ఇచ్చిన కోర్టే. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. టైపు చేసినవాళ్ల ఒక్క క్షణం అజాగ్రత్తకు ఒక మనిషి సోమవారం దాకా లోపలుండాలి. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

బయట వాళ్లమ్మ ఉంది. "సారూ, బెయిలైందని వకీలు చెప్పిండు. కాయితం గూడ వచ్చిందంటున్రు. మరి నా కొడుకును ఎందుకు ఇడుస్తలేరు? పైసలు గావాల్నా?" అని గేటు ముందు అరుస్తోంది. అక్కడున్న కుర్ర వార్డర్ "సోమవారం రాపో అమ్మా" అని రెండు మాటల్లో తేల్చేశాడు. తప్పు మాట కాదు, కానీ దానివల్ల ఆవిడకు ఏం తెలిసింది? నేను బయటికెళ్లి ఒక చీటీ మీద రెండు నంబర్లూ ఒకదాని కింద ఒకటి రాశాను. ఆవిడకు చదువు రాదు, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. బస్సు నంబర్లు చూసే ఎక్కుతుంది కదా. "చూడమ్మా, ఈ రెండు అంకెలు అటుదిటు పడ్డయి. సోమవారం పొద్దున కోర్టు తెరవంగనే ఈ చీటీ వకీలుకు ఇయ్యి. నంబరు దిద్దమని మెమో వేయమను. అది చేతికొస్తే చాలు" అన్నాను. ఆవిడ ఏడుపు ఆపి ఆ చీటీని కొంగున ముడేసుకుంది. వకీలుకు ఏం చెప్పాలో నాకే తిరిగి చెప్పింది, తను సరిగ్గా విన్నదో లేదోనని.

లోపల ఇంకా కష్టమైంది. కుర్రాడు చువ్వలకు తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. విడిగా సింగిల్ సెల్‌లో వేద్దామని నా తోటివాడు ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. అలాంటి రాత్రి మనిషిని ఒంటరిగా పెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. అదే బ్యారక్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, పిల్లలంతా చాచా అనేవాళ్లు. ఆయన్ను పిలిచి విషయం మొత్తం చెప్పాను, అదే చీటీ ఇంకోటి రాసి ఇచ్చాను. కుర్రాణ్ణి కూర్చోబెట్టి నేనూ చెప్పాను. మీ అమ్మ బయట ఇదే చూసింది, సోమవారం వకీలుకు ఇస్తుంది, ఆర్డర్ రద్దు కాలేదు, బెయిల్ పోలేదు అని. అతను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మ నన్ను వదిలేసి పోయిందనుకున్నా, వచ్చిందా సార్?" వచ్చిందని ఎవరూ చెప్పలేదు అతనికి. కబురొచ్చిన దగ్గర్నుంచి లాకప్ దాకా అన్ని గంటల్లో, అంతమంది యూనిఫారం వాళ్లలో, ఒక్కరూ చెప్పలేదు!

చాచా ఆ రాత్రి అతని పక్కనే పడుకున్నాడు. సబ్బు, మగ్గు తీసుకున్నవాళ్లు తిరిగిచ్చేశారు. మేం రౌండ్‌కు వెళ్లినప్పుడల్లా పలకరించాం. సోమవారం దిద్దిన ఆర్డర్ వచ్చింది, లాకప్‌కు ముందే వెళ్లిపోయాడు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బెయిల్ ఇచ్చిన కోర్టు ఆ ఉత్తర్వును అదే రోజో మర్నాడో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి ఈమెయిల్‌లో పంపాలి, బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో మనిషి బయటికి పోకపోతే పేదలకు ఉచిత న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు సూపరింటెండెంట్ తెలియజేయాలి. ష్యూరిటీకి డబ్బు లేని పేదవాళ్ల కోసం కేంద్రం అదే ఏడాది పథకం తెచ్చింది, మొదట్లో విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా సాయం అని పెట్టారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బెయిల్‌కు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టే బాధ్యత సూపరింటెండెంట్‌దే. అంటే ఎవరు ఎన్ని రోజుల నుంచి ఉన్నారో జైలు సిబ్బందే చూసుకోవాలి. లెక్క అని ముందు అన్నాను కదా, ఇప్పుడు తలలు లెక్కపెడితే సరిపోదు, రోజులు కూడా లెక్కపెట్టాలి.

జనానికి ఇవేవీ తెలియవు. సినిమాల్లో జైలు సిబ్బంది అంటే లంచం తీసుకుని బిర్యానీ పొట్లం లోపలికి పంపేవాడు, లేదా హీరోను కట్టేసి కొట్టేవాడు. నా ఉద్యోగం చూసి మా తమ్ముడికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. ఖైదీని వాయిదాకు తీసుకెళ్లకపోతే కుటుంబం మమ్మల్నే తిడుతుంది. ఎస్కార్ట్ పంపాల్సింది పోలీసు శాఖ అని, వాళ్లు బందోబస్తులో ఉంటే జైలు వాళ్లు చేయగలిగింది లేదని ఎవరికి చెప్పగలం? 2016 నమూనా జైలు మాన్యువల్ ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలంటుంది. నా సర్వీసులో ఆ లెక్కకు దగ్గరగా ఉన్న షిఫ్టు ఒక్కటీ చూడలేదు. బ్యారక్ మొత్తానికి ఒక్కడే నిలబడినప్పుడు ఎవరితో నిదానంగా మాట్లాడతాడు? పోస్టులు నింపకుండా వార్డర్లు దురుసుగా ఉంటారనడం అన్యాయం.

ఇక మీ తమ్ముడి విషయం. కోపం తొందరగా వచ్చేవాడైతే ఆప్షన్ పెట్టొద్దనండి, అతనికీ లోపలివాళ్లకీ కష్టం. అడిగిన ప్రశ్నకు మళ్లీ మళ్లీ విసుగు లేకుండా చెప్పగలిగితే ధైర్యంగా పెట్టుకోమనండి. ఎంపికైతే శిక్షణలో చట్టం చెబుతారు, కవాతు నేర్పుతారు. పోస్టింగ్ నగరంలో పడితే చంచల్‌గూడ ఊరి మధ్యలో ఉంది, రాకపోకలకు ఇబ్బంది లేదు. చర్లపల్లి అయితే ఈసీఐఎల్ అవతల, రాత్రి డ్యూటీలకు సొంత బండి కావాలి. ముషీరాబాద్‌లో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు జైలే ఉండేదని పాతవాళ్లు చెబుతుంటారు, అది పోయాక భారమంతా ఈ రెండింటి మీదే పడింది. ఎత్తు, పరుగు, వయసు వివరాలు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

పరుగు ప్రాక్టీసు అందరూ చేస్తారు. దానితో పాటు అతను ఉర్దూ కలిసిన మన హైదరాబాద్ హిందీ బాగా పట్టుకోవాలి. బీహార్, ఒడిశా నుంచి పనికొచ్చి కేసుల్లో చిక్కుకున్నవాళ్లతో మాట్లాడాలన్నా అదే పనికొస్తుంది. ఇంగ్లీషులో ఉన్న రిమాండ్ వారెంట్ తీసుకుని పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, తర్వాతి వాయిదా తేదీ చదివి తెలుగులో చెప్పడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోమనండి. వారెంట్ నమూనా ఏ వకీలు గుమాస్తానడిగినా చూపిస్తాడు.