సర్పంచ్ ఎన్నికలో గెలిచాక, ప్రచారం చేసినవారికి మిగిలే పని ఏమిటి?

"మేము ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేసిన అభ్యర్థి సర్పంచ్‌గా గెలిచారు. పటాకులు కాల్చాము, స్వీట్లు పంచాము. ఇక మా పని అయిపోయినట్టేనా?" అని మీరు అడిగారు. 2025 డిసెంబరులో మా ఊరి ఎన్నిక ముగిసిన రాత్రి నేను కూడా అయిపోయిందనే అనుకుని పడుకున్నాను. మరునాడు పొద్దున ఒక అవ్వ అడిగిన మాటతో ఆ అభిప్రాయం మారింది. అది ఎలా జరిగిందో వివరంగా రాస్తాను, మీకు పనికిరావచ్చు.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. మా ఊరు తెలంగాణలో, వరంగల్ జిల్లా వర్ధన్నపేట వైపు ఉంటుంది. పత్తి, మిరప, మొక్కజొన్న వేస్తారు, చెరువు కింద కొంత వరి ఉంటుంది. పాత పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. అప్పటి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో నడిచాయి. ఎన్నికైన పాలకవర్గం లేనందున కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి కనుక, వీధిదీపం బుగ్గ మార్చాలన్నా, చెత్త ట్రాక్టరులో డీజిలు పోయాలన్నా మా పంచాయతీ కార్యదర్శి తన జేబు తడుముకోవలసి వచ్చింది. చివరికి డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు ప్రకటించేసరికి, అడగవలసినవి ప్రతి ఇంట్లోనూ రెండేళ్లుగా పేరుకుపోయి ఉన్నాయి.

సర్పంచ్ పదవి మహిళకు రిజర్వు అయింది. మేము నిలబెట్టిన అభ్యర్థిని ఊరంతా అక్క అనే పిలుస్తుంది. ఆమె చాలా ఏళ్లుగా మహిళా సంఘాల లెక్కలు రాస్తున్నది. బ్యాంకు రుణాల కిస్తీలను రూపాయి తేడా రాకుండా కట్టించిన మనిషి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి, ఎన్నికల సంఘం కేటాయించే గుర్తుల్లో ఆమెకు కత్తెర వచ్చింది. పది వార్డుల ఓటరు జాబితా బాధ్యత నాకు అప్పగించారు. పోల్ చీటీలు రాయడం, హైదరాబాద్, భీవండి, సూరత్‌లకు బతకపోయినవారి ఫోన్ నంబర్లు సేకరించడం, ఎవరు వస్తారో ఎవరు రారో గుర్తు పెట్టుకోవడం నా పని. అందుకోసం ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. ఇంటికొక పేజీ కేటాయించి, ఎడమ పక్కన ఆ ఇంటి ఓటర్ల పేర్లు, కుడి పక్కన ఆ ఇల్లు అడిగిన పని రాసుకున్నాను. మోరీ (మురికి కాలువ), వీధి బుగ్గ, కోతులు, పింఛను, ఇల్లు, రేషన్ కార్డు, పొలానికి బాట, ఇంకా ఎన్నో అందులో చేరాయి.

చేయలేని హామీ ఒక్కటి కూడా ఇవ్వకూడదని మేము ముందే అనుకున్నాము, ఇవ్వలేదు కూడా. అయితే ప్రతి గడప దగ్గరా "చూద్దాం అమ్మా, ముందు అక్కను గెలవనీ" అన్నాము. ఆ మాటలో తప్పు ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఓటు అడగడానికి వచ్చినవాడు చూద్దాం అంటే, రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషికి అది చేస్తాం అనే వినిపిస్తుంది. పంచాయతీ చేతిలో ఏది ఉంది, ఏది లేదు అన్నది మాలో చదువుకున్నవాళ్లకు తెలియక కాదు. చెబితే ఓటు పోతుందేమోనని నోరు మెదపలేదు.

పోలింగు ఉదయం ఏడు గంటల నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు జరిగింది, రెండు గంటల నుంచి లెక్కింపు. వార్డు సభ్యులది తెల్ల బ్యాలెట్, సర్పంచ్‌ది గులాబీ రంగు బ్యాలెట్. కాగితాలను ఇరవై అయిదేసి కట్టలు కడుతుంటే నేను ఏజెంటుగా బల్ల ముందు కూర్చుని చూశాను. అక్క 23 ఓట్లతో గెలిచింది. ఎదుటివారు మళ్లీ లెక్కించమని కోరారు, అది వారి హక్కు. రెండోసారి కూడా అదే అంకె వచ్చింది. అయితే ఆ సాయంత్రం నా మనసులో నిలిచిపోయిన అంకె 38. అవి చెల్లని సర్పంచ్ ఓట్లు. కొన్నింటిలో స్వస్తిక్ ముద్ర రెండు గుర్తుల నడుమ గీత మీద పడింది, కొన్నింటిలో ఇద్దరికీ వేశారు, కొన్నింటిలో ముద్రకు బదులు వేలిముద్ర ఉంది. శాసనసభకు, పార్లమెంటుకు మీట నొక్కడం అలవాటైన ఊరికి కాగితం బ్యాలెట్ ఈ స్థానిక ఎన్నికల్లోనే చేతికి వస్తుంది. ఏళ్లుగా పింఛను దగ్గర వేలు పెట్టి అలవాటైన ముసలివాళ్లు ఇక్కడ కూడా వేలే పెట్టారు. మేము పన్నెండు రోజులు తిరిగి కత్తెరకు ఓటు వేయండి అని చెప్పాము తప్ప, కాగితం మీద ముద్ర ఎక్కడ వేయాలో, దాన్ని ఎలా మడవాలో ఒక్క అరగంట కూర్చోబెట్టి చూపించలేదు. ఆ 38 మందిలో మా వాళ్లెందరో, ఎదుటివారి వాళ్లెందరో చెప్పే దారి లేదు. ఎవరివారైనా, ఎండలో వరుసలో నిలబడి వేసిన ఓటు లెక్కలోకి రాలేదు. మీరు మళ్లీ ఎప్పుడైనా స్థానిక ఎన్నికల్లో పనిచేస్తే మొదటి రోజే నమూనా కాగితం పట్టుకుని ఇళ్లకు వెళ్లండి.

చివరి రాత్రి ఇంటికొక కోడి పంచుదామని మాలో ఇద్దరు ముగ్గురు అన్న మాట కూడా దాచను. అక్క ససేమిరా వద్దన్నది. కేవలం నీతి కోసమే ఆగామని నేను చెప్పలేను, మా దగ్గర అంత డబ్బు లేదు కూడా. ఉండి ఉంటే మా పట్టుదల ఎంత నిలిచేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

మరునాడు పొద్దున నేను హనుమకొండ బస్సు కోసం నిలబడి ఉంటే, మూడో వార్డులో ఒంటరిగా ఉండే అవ్వ చలిలో కొంగు కప్పుకుని నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, గెలిచిండ్రు గదా. మరి నా పింఛన్ ముచ్చట అక్కకు చెప్పినవా?" అని అడిగింది. ఆమె భర్త పోయి అప్పటికి ఏడెనిమిది నెలలయింది. ఆయనకు వచ్చే పింఛను ఆగిపోయింది, ఈమెకు కొత్తగా మంజూరు కాలేదు. పింఛను మంజూరు చేసే అధికారం సర్పంచ్‌కు లేదని నాకు తెలుసు. నోటుబుక్కులో ఆమె పేజీ కుడి పక్కన పింఛను అని నా చేత్తోనే రాసుకుని, చూద్దాం అవ్వా అని నేనే అన్నాను. ఆ రోజు బస్సు ఎక్కలేదు.

కొత్త పాలకవర్గాల ప్రమాణ స్వీకారం డిసెంబరు 22న జరిగింది. అంతకు ముందు రెండు రాత్రులు అక్క ఇంటి అరుగు మీద నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాము. రాసుకున్న పనులు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. పంచాయతీ స్వయంగా చేయగలిగినవి ఒక కాగితం మీదికి, తీర్మానం చేసి పైకి పంపగలిగినవి మరొకదాని మీదికి, పంచాయతీ చేతిలో లేనివి ఇంకొకదాని మీదికి ఎత్తి రాశాము. మొదటి కాగితంలో బుగ్గలు, మోరీలు, నీళ్ల పైపుల లీకేజీలు, చెత్త వచ్చాయి. ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్న నిబంధన ఉండడం ఇక్కడ మాకు కలిసి వచ్చింది. కొత్త రోడ్లు, ట్రాన్స్‌ఫార్మర్ రెండో కాగితంలోకి వెళ్లాయి. పింఛన్లు, ఇళ్లు, రేషన్ కార్డులు, పట్టా పాసుపుస్తకాల్లో తప్పులు మూడో కాగితంలోకి వెళ్లాయి. నిండిపోయింది మూడోదే. సగానికి పైగా ఇళ్లు మమ్మల్ని అడిగింది మేము చేయలేని పని.

కోతులను ఏ కాగితంలో రాయాలో మాత్రం చాలాసేపు తేలలేదు. మొక్కజొన్న కంకి పాలు పట్టగానే గుంపులుగా దిగుతాయి, పెంకుటిళ్ల కప్పులు ఊడబెరుకుతాయి, బడికి పోయే పిల్లల చేతిలో సంచి గుంజుకుంటాయి. మా దగ్గర చాలా ఇళ్లలో ఈ ఫిర్యాదు కూడా ఉంది. పంచాయతీ డబ్బు చెల్లించి పట్టేవాళ్లను పిలిపించవచ్చు, కాని పట్టినవాటిని పక్క ఊరి పొలిమేరలో వదిలితే వాళ్లు మళ్లీ మన పొలిమేరలో వదులుతారు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసే కేంద్రం నిర్మల్ దగ్గర 2020లో మొదలైంది, మా ఊరి నుంచి అది చాలా దూరం. అందుకే అది ఒక్క ఊరి పంచాయతీతో తెగే పని కాదని, చుట్టుపక్కల ఊళ్లు కలిసి అడగాలని రాసి రెండో కాగితంలో చేర్చాము. ఆ పని ఇంకా అక్కడే ఆగి ఉంది.

తరువాత నేను చేసిన పని చెబుతాను, మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆదివారాల్లో మళ్లీ ఆ ఇళ్లకే వెళ్లాను. ఓటు అడిగిన నోటితోనే "మీరు చెప్పిన ఈ పని సర్పంచ్ చేతిలో లేదు, ఫలానా ఆఫీసులో ఉంటుంది, దరఖాస్తుకు ఈ కాగితాలు కావాలి" అని చెప్పాను. తేలికగా ఏమీ జరగలేదు. ఆరో వార్డులో ఒక కాక నన్ను అరుగు కూడా ఎక్కనివ్వకుండా "గీ ముచ్చట ఓటుకు ముందు జెప్పకపోతివి?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే కనుక, తప్పు మాదే కాకా అని ఒప్పుకుని, ఆయన పాసుపుస్తకం నకలు అడిగి తీసుకున్నాను. ఎదుటి అభ్యర్థికి పనిచేసిన ఇళ్లకు కూడా వెళ్లాను. నోటుబుక్కులో వాళ్ల పేజీల కుడి పక్క ఖాళీగా ఉంది. ప్రచారంలో మేము వాళ్లను ఏమీ అడగనే లేదు. మూడు ఇళ్లు తలుపు వేసుకున్నాయి, మిగతావాళ్లు కూర్చోమన్నారు.

ఈ తిరుగుడులో నేను ఊహించని ప్రమాదం ఒకటి ఎదురైంది. పది పదిహేను రోజులు గడిచేసరికి జనం పంచాయతీ ఆఫీసుకు పోవడం మానేసి నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఒకాయన తన పని అయితే "ఖర్చులకు" ఏదైనా ఇస్తానన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దళారి అనేవాడు ఎవరో చెడ్డవాడు వచ్చి కాడు, నాలాంటివాడే నాలుగు ఫోన్లు ఎత్తి ఎత్తి అవుతాడు. మరునాడే నోటుబుక్కును అక్క చేతికి ఇచ్చి, ఎవరు అడిగినా "సోమవారం పొద్దున పంచాయతీ ఆఫీసులో అక్క కూర్చుంటది, అక్కడికే పోండి" అని చెప్పడం మొదలుపెట్టాను. అక్క భర్త అయిన బావకు దండలు తెచ్చి, పనులు కూడా ఆయనకే చెప్పుకునే అలవాటు కూడా దీనితోనే కొంత తగ్గింది. కుర్చీలో ఆమె కూర్చోవాలి, సంతకం ఆమె పెట్టాలి, తిట్లు కూడా ఆమే వినాలి.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలి. మొదటి సభలో అక్క మూడో కాగితాన్ని తానే నిలబడి చదివింది. ఇట్లా చదివితే అయిదేళ్ల తరువాత ఓడిపోతావని మా వాళ్లే ఆపబోయారు. ఆమె వినలేదు. ఎన్నికల ఖర్చు లెక్కను ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా అప్పగించాలన్న నిబంధనను కూడా గెలిచినవారు, ఓడినవారు ఇద్దరూ గుర్తుంచుకోవాలి. అక్క మహిళా సంఘాల లెక్కలు రాసిన మనిషి కనుక ఆ పని మాకు సులభంగా తీరింది, మీరు మాత్రం రశీదులు పారేయకండి.

అవ్వ సంగతికి వస్తే, ఆమె పేజీని నేను ముందు మూడో కాగితంలో వేశాను. అది పూర్తిగా సరికాదని తరువాత తెలిసింది. భర్త మరణ ధ్రువపత్రం ఆమె తీసుకోనే లేదు, అది లేనిదే దరఖాస్తు కదలదు. ఊళ్లో జరిగిన మరణాన్ని నమోదు చేసేది మన పంచాయతీయే. నెల దాటినందుకు పై అధికారి అనుమతి తేవలసి వచ్చింది, కార్యదర్శి తెప్పించాడు. పత్రం చేతికి వచ్చాక దరఖాస్తు మండల ఆఫీసుకు వెళ్లింది. పింఛను ఇంకా రాలేదు. రాలేదని ప్రతి ఆదివారం ఆమెకు నేనే చెబుతున్నాను. ఆ ఒక్క పేజీ తరువాత మూడో కాగితంలోని మిగతా పేర్లను కూడా మళ్లీ ఒక్కొక్కటిగా చూస్తున్నాము, వాటిలో మన పంచాయతీ ఇవ్వగలిగిన కాగితం ఏదైనా ఆగి ఉందేమోనని. అయిదో వార్డు దాకా వచ్చాము, ఇంకా ముప్పై ఆరు ఇళ్లు ఉన్నాయి.