ఆట కాస్తా పరీక్ష అయిపోయింది

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఆరు. స్కూలు నుంచి రాగానే ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. బాబు ఈమధ్య కాస్త ఒళ్ళు చేశాడు కూడా. అందుకని ఇంట్లోనే అడ్డంకుల ఆట ఒకటి మొదలుపెట్టాను. దిండ్లు దాటడం, బల్ల కింద నుంచి పాకడం, నేల మీద అంటించిన టేపు మీద తప్పకుండా నడవడం, అలాంటివి. మొదట్లో ఇద్దరూ ఎగబడి ఆడారు. తర్వాత మావారు స్టాప్‌వాచ్ పెట్టి, ఎవరు ఎన్ని సెకన్లలో పూర్తిచేశారో రాసి ఆ కాగితం గోడకి అంటించడం మొదలుపెట్టారు. పాప సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఎప్పుడూ తనే గెలుస్తుంది. "చెల్లిని చూసి నేర్చుకోరా" అంటారాయన. ఇప్పుడు ఆట అనగానే బాబుకి కడుపునొప్పి వస్తోంది. మొన్న చెల్లిని స్టూలు మీద నుంచి తోసేశాడు. దాని పెదవి చిట్లింది. ఆట మానేద్దామంటే, "వదిలేస్తే వాడికి ఇంకా బద్ధకం పెరుగుతుంది" అని ఆయన పట్టు. మానేయాలా, కొనసాగించాలా? ఈయనకి ఎలా చెప్పాలి?

జవాబు: మానేయక్కర్లేదు. ఒక నాలుగైదు రోజులు ఆపండి చాలు. ఈలోగా గోడ మీద కాగితం తీసేయండి. "నీకోసమే తీసేస్తున్నాను" అని బాబుకి చెప్పకండి. అలా చెబితే అదీ వాడికి ఓటమి లాగే ఉంటుంది. పిల్లలు ఇంట్లో లేనప్పుడు తీసి పక్కన పడేయండి.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది ఒక్కటే. మొదట్లో ఇద్దరూ ఎగబడ్డారని మీరే రాశారు. అంటే మీ బాబుకి ఒళ్ళు వంచడం ఇష్టం లేక కాదు. చెల్లెలి ముందు ఓడిపోవడం ఇష్టం లేదు. తొమ్మిదేళ్ళ పిల్లలు తమని తాము పక్కవాళ్ళతో పోల్చుకోవడం బాగా అలవాటయిన వయసులో ఉంటారు. క్లాసులో స్నేహితుడి చేతిలో ఓడితే ఎలాగో సర్దుకుంటారు. తనకంటే మూడేళ్ళు చిన్నదాని చేతిలో, అదీ నాన్న ఎదురుగా, సెకన్లతో సహా గోడకెక్కి ఓడితే? పెద్దవాళ్ళమైనా రెండో రోజు ఏదో పని ఉందని తప్పించుకుంటాం. వాడు కడుపునొప్పి అన్నాడు.

పైగా మీరు పెట్టిన ఆటే పాపకి అనుకూలంగా ఉంది. బల్ల కింద పాకడం, సన్నటి గీత మీద నడవడం చిన్న ఒంటికి సుళువు. కాస్త పొడుగూ బరువూ ఉన్న పిల్లాడు బల్ల కింద దూరేసరికే సగం సమయం అయిపోతుంది. అదే బుట్ట నిండా పుస్తకాలు పెట్టి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తోయమనండి, దూరంగా ఉన్న బకెట్లోకి మేజోళ్ళ ఉండ విసరమనండి, ఎవరు గెలుస్తారో చూడండి. ఏ అడ్డంకులు పెట్టామన్నదాన్ని బట్టే గెలిచేది ఎవరన్నది చాలావరకు తేలిపోతుంది. ఇది మీవారు గమనించినట్టు లేదు. మీరు చెబితే ఆయనకి వెంటనే అర్థమవుతుందనుకుంటాను.

ఇక తోసేసిన సంగతి. దాన్ని చూసీచూడనట్టు వదలకండి. అలాగని చెల్లి ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించకండి. అలా చెప్పిస్తే నోరు కదులుతుంది, లోపల కోపం ఇంకొంచెం గట్టిపడుతుంది. వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టుకుని, "ఓడిపోయినప్పుడు కోపం వస్తుంది, నాకు తెలుసు. కోపం వచ్చినా చెయ్యి మాత్రం లేవకూడదు. ఇంకోసారి కోపం వస్తే ఆట ఆపేసి నా దగ్గరికి రా" అనండి. ఆ తర్వాత చెల్లికి ఏం చేస్తే బాగుంటుందో వాడినే ఆలోచించమనండి. పాపని కూడా మర్చిపోకండి. అన్నయ్యని మందలించడానికి తన పేరు వాడుతున్నారని ఆరేళ్ళ పిల్లకి మాటల్లో చెప్పడం రాదు గానీ, గెలిచినప్పుడల్లా అన్నయ్య దూరమవుతున్నాడని మాత్రం తెలుస్తుంది. "నువ్వు బాగా ఆడావు" అన్నంతవరకూ పొగడండి. "అన్నయ్య కంటే" అన్న మాట వద్దు.

మీవారి విషయానికి వద్దాం. ఆయన చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. పిల్లాడి ఒంటి గురించి ఆయనకి నిజంగానే టెన్షన్ ఉంది. ఆ టెన్షన్ లెక్కల రూపంలో బయటికొస్తోంది. పిల్లలు నిద్రపోయాక, గొడవ జరిగిన రోజు కాకుండా మరో రోజు, ముందు అదే మాటతో మొదలుపెట్టండి: "వాడి గురించి మీకున్న బెంగే నాకూ ఉంది. కానీ స్టాప్‌వాచ్ వచ్చాక వాడు తక్కువ కదులుతున్నాడు, ఎక్కువ కాదు." దీనికి ఎదురు చెప్పడం ఆయనకి కష్టం, ఎందుకంటే అది ఆయన కళ్ళెదురుగానే జరుగుతోంది. "మీవల్లే ఇలా అయింది" అన్నారో, ఆ రాత్రి మాటలు వాదనగా మారతాయి.

లెక్కలంటే ఆయనకి ఇష్టమైతే పనికొచ్చే లెక్క ఒకటి ఇవ్వండి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు వారం మొత్తం మీద సగటున రోజుకి కనీసం 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. కండరాలకీ ఎముకలకీ బలాన్నిచ్చే పనులు వారంలో కనీసం మూడు రోజులు ఉండాలని కూడా అంది. దూకడం, ఎక్కడం, బరువు తోయడం ఇలాంటివే. ఆ 60 నిమిషాలూ ఒకే దఫాలో పూర్తికానక్కర్లేదు. పిల్లలు సహజంగానే రెండు నిమిషాలు గెంతి, నిమిషం కూలబడి, మళ్ళీ లేస్తారు. ఎవరు ఎన్ని సెకన్లలో చేశారో కాకుండా, ఇంటిల్లిపాదీ కలిసి ఈ వారం ఎన్ని నిమిషాలు కదిలారో ఆయన్ని రాయమనండి. ఆయన నిమిషాలు కూడా అందులో కలపాలి.

"లావు", "బద్ధకం" అన్న మాటలు మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, సరదాకి కూడా. బరువు గురించి అనుమానం ఉంటే పిల్లల డాక్టరు దగ్గర ఎత్తూ బరువూ చూపించి, వయసుకి తగ్గట్టు ఉన్నాయో లేదో అడగండి. కొందరు పిల్లలు ఒక్కసారిగా ఎత్తు పెరిగే ముందు కాస్త బొద్దుగా అవుతారు. అది తేల్చాల్సింది డాక్టరు.

ఇప్పుడు ఆట మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. ఇదే అసలు సంగతి. ఇంతవరకూ ఆట తయారుచేసింది మీరు, కొలిచింది ఆయన. పిల్లలకి మిగిలింది పరుగు ఒక్కటే. ఈసారి తయారీ బాబుకి అప్పగించండి. ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, "ఈ ఆదివారం నాన్న ఆడటానికి ఒక దారి గియ్యి, కష్టంగా ఉండాలి" అనండి. ఏది ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పాకాలో, ఎక్కడ వెనక్కి నడవాలో, రూలు తప్పితే ఏం చేయాలో అన్నీ వాడే నిర్ణయిస్తాడు. చెల్లి సహాయకురాలు. ఆడి చూసి, కుదరనిచోట మార్చి, మళ్ళీ ఆడి చూస్తూ వాడు ఎంత కదులుతాడో మీకే ఆశ్చర్యమేస్తుంది. నాన్న నాలుగు కాళ్ళ మీద బల్ల కింద ఇరుక్కుపోతే ఆ నవ్వుల్లో సగం గొడవ తీరిపోతుంది. ఆయన మొహమాటపడతారు. అయినా ఒప్పించండి.

సామాను కొనక్కర్లేదు. దిండ్లు, దుప్పటి, తాడు, టేపు, బకెట్, ఖాళీ అట్టపెట్టెలు చాలు. పాకేది, గెంతేది, నిలదొక్కుకునేది, తోసేది, విసిరేది, ఒక్కో రకం ఒక్కటైనా ఉండేలా చూడమని బాబుకి చెప్పండి. అప్పుడు ఇద్దరిలో ఒకరికే అనుకూలంగా ఉండదు. బరువు తోసే పని తప్పక పెట్టించండి. దానివల్ల రేగిపోయిన పిల్లలు నెమ్మదించడం చాలాసార్లు చూస్తాం. కింద ఇంట్లో మనుషులుంటే దూకుళ్ళు తగ్గించి ఎలుగుబంటి నడక (చేతులూ పాదాలూ నేలకి ఆనించి నడవడం), పీత నడక (పొట్ట పైకి ఉంచి చేతులూ పాదాల మీద నడవడం) పెట్టండి. చప్పుడు రాదు, కానీ చేతులూ పొట్టా బాగా పనిచేస్తాయి. ఇద్దరూ ఒక దిండుని చేతులు తగలకుండా ఒంటితోనే పట్టుకుని దారంతా దాటాలన్న ఆట కూడా బాగుంటుంది, ఎందుకంటే అందులో ఒకరు గెలవాలంటే ఇంకొకరు కావాలి. ఎవరు నిదానంగా నడిస్తే వాళ్ళు గెలిచినట్టు అనీ పెట్టొచ్చు. గడియారం కావాలని పిల్లలే అడిగితే ఇద్దరి సమయం కలిపి చూడండి, లేదా ఎవరి నిన్నటి సమయాన్ని వాళ్ళే దాటేలా పెట్టండి. కళ్ళు మూసుకుని గీత మీద నడిచే ఆట పాపకి వద్దు. చిన్నపిల్లలు తూలిపోకుండా ఉండటానికి ఎక్కువగా కళ్ళ మీదే ఆధారపడతారు.

స్టూలు తీసేయండి. దూకే ఎత్తు పాప మోకాలు దాటకూడదు. కింద మెత్తగా ఏదైనా ఉండాలి. మేజోళ్ళతో నున్నటి నేల మీద పరిగెత్తనివ్వకండి, ఒట్టి కాళ్ళే మేలు. తాడు మోకాలి కంటే పైన కట్టకండి, ముఖ్యంగా మెడ ఎత్తులో. గోడకి బిగించని బీరువాలూ అలమరాలూ ఉన్న గదిలో ఎక్కే ఆటలు అసలు వద్దు. పెద్దవాళ్ళు ఒకరు గదిలోనే ఉండాలి.

"ఆడితే ఫోన్ ఇస్తాను" అన్న బేరం పెట్టాలనిపిస్తుంది మీకు. పెట్టకండి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, తర్వాత వాళ్ళంతట వాళ్ళు బొమ్మలు వేయడం తగ్గించేశారు. బహుమతి అసలు ఇవ్వని పిల్లల్లోనూ, చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లోనూ అలా జరగలేదు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది కూలిపని అయిపోతుంది. ఫోన్‌కి వేళ విడిగా పెట్టండి, ఆటతో ముడిపెట్టకండి.

ఆడాక ఇల్లు చిందరవందరగా ఉంటుంది. సర్దడాన్ని కూడా దారిలో చివరి అడ్డంకిగా పెట్టమనండి. కొన్ని రోజులకి ఈ ఆట కూడా విసుగొస్తుంది, రానివ్వండి. సైకిలో, బంతో, పాట పెట్టుకుని గంతులో, వాళ్ళకి ఏది నచ్చితే అది. నిద్రవేళకి ముందు మాత్రం వద్దు, ఆ తర్వాత వాళ్ళు ఒకపట్టాన పడుకోరు.

కడుపునొప్పిని మాత్రం కొన్నాళ్ళు గమనించండి. పోటీ తీసేశాక పోతే సరే. స్కూలుకి వెళ్ళే పొద్దుటి వేళ కూడా వస్తుంటే అక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారేమో మెల్లగా అడగండి. రాత్రి నిద్రలో నొప్పితో లేచినా, వాంతులు, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, కొద్దిగా ఆడగానే విపరీతంగా ఆయాసపడుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.