55 వేల సోల్డరింగ్ స్టేషన్ ఈఎంఐలో కొనొచ్చా?

ప్రశ్న: మాది కాశీబుగ్గ. ఇన్వర్టర్లు, టీవీలు, జీడి ఫ్యాక్టరీల కంట్రోల్ బోర్డులు రిపేరు చేస్తాను. నెలకు సుమారు 90 పనులు వస్తాయి, ఒక్కోదానికి సగటున 350 రూపాయల లేబర్. షాపు అద్దె, కరెంటు, చిల్లర ఖర్చులు 5,500 పోను 26 వేలు మిగులుతుంది. ఇంటికి 19 వేలు కావాలి. బ్యాంకులో 40 వేలున్నాయి. ఇన్నాళ్లూ 25 వాట్ల మామూలు సోల్డరింగ్ ఐరన్‌తోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు వేడిని అదుపులో ఉంచే మంచి సోల్డరింగ్ స్టేషన్ కొందామని విశాఖలో అడిగితే మూడు ధరలు చెప్పారు. చైనాది 4,500, జపాన్ కంపెనీది 14,000, స్పెయిన్ కంపెనీది 55,000. చివరిదానికి 10 వేలు కట్టి మిగతాది 18 నెలల ఈఎంఐ పెట్టుకోమంటున్నారు, వడ్డీ 14 శాతమేనట. జీఎస్టీ బిల్లుంటే టాక్స్ కూడా కలిసొస్తుందన్నారు. నెలకు ఏడెనిమిది పనులు తిరిగొస్తున్నాయి, అందుకే కొనేదేదో మంచిదే కొనాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివింది చివరి మాటను, ఏడెనిమిది పనులు తిరిగొస్తున్నాయన్న దాన్ని. మెషిన్ల ధరలు తర్వాత చూద్దాం, ముందు దీని ఖరీదు కట్టుకుందాం.

తిరిగొచ్చిన పనికి లేబర్ అడగలేరు. "మొన్ననే బాగు సేసినారు గదా బాబూ, మళ్లీ ఆగిపోనాది" అంటూ కస్టమర్ బోర్డు తెచ్చి కౌంటరు మీద పెడితే, గంట కూర్చుని ఊరికే చేసివ్వాల్సిందే. ఆ గంటలో చేసుకోగలిగిన ఇంకో పని పోయింది, అది 350. ఏదో ఒక పార్టు మళ్లీ వేస్తారు, వంద వేసుకోండి. ఒక్కోదానికి 450 చొప్పున ఎనిమిదింటికి 3,600. ఇల్లు గడిచాక మీకు నెలకు మిగిలేది 7 వేలు. దాని పక్కన ఈ 3,600 పెట్టి చూస్తే ఎంత పెద్ద చిల్లో తెలుస్తుంది.

ఇదంతా ఐరన్ తప్పేనని నేననను. నాసిరకం కెపాసిటర్ వేసి ఉండొచ్చు, అసలు లోపం ఇంకోచోట ఉండి ఉండొచ్చు. సగం మాత్రమే డ్రై సోల్డర్ వల్ల, అంటే అతుకు సరిగా పడకపోవడం వల్ల అనుకుందాం. అప్పటికీ నెలకు 1,800.

ఆ సగం నిజమో కాదో తేల్చడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. ఒక నెలపాటు ప్రతి పనికీ సోల్డరింగ్ చేసిన టైము నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. తిరిగొచ్చినప్పుడు ఆ పేజీ తీసి, కారణం పక్కన రాయండి. టైము ఎందుకంటే, మీ ఐరన్ మీద రాసి ఉన్న 25 వాట్లు 230 వోల్టుల దగ్గర మాట. వోల్టేజీ కొంచెం తగ్గితే పవర్ అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది, ఎందుకంటే అది వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. సాయంత్రం అందరి ఇళ్లలో మోటార్లు, ఏసీలు తిరిగే వేళ లైను 180కి దిగిందనుకోండి, ఆ ఐరన్ ఇచ్చేది 15 వాట్లే. లెడ్ (సోల్డర్) కరుగుతుంది, పార్టు కాలు చుట్టూ గుండ్రంగా కూర్చుంటుంది, చూడటానికి పని అయిపోయినట్టే ఉంటుంది. కింద బోర్డు మీది రాగి వేడెక్కలేదు కాబట్టి అతుకు మాత్రం పడదు. ఇన్వర్టర్ నాలుగు రోజులు వేడెక్కి చల్లారేసరికి ఊడుతుంది. తిరిగొచ్చిన వాటిలో ఎక్కువ భాగం సాయంత్రం ఆరు తర్వాత చేసినవైతే దొంగ దొరికినట్టే.

టెంపరేచర్ కంట్రోల్ ఉన్న స్టేషన్ ఈ జబ్బుకు మందు. బిట్ (ఐరన్ మొన) దగ్గరున్న సెన్సర్ వేడి పడిపోవడం చూడగానే హీటరుకు కరెంటు పెంచుతుంది. 70 వాట్ల స్టేషన్ అయితే లైను కాస్త పడినా ఇంకా చేతిలో మిగులు ఉంటుంది. అయితే ఈ ఒక్క పని మీరు రాసిన మూడూ చేస్తాయి. 55 వేలు పెట్టాల్సిన అవసరం ఇక్కడే సగం పోయింది.

అది మంచి సరుకు కాదని కాదు. రెండు మూడు సెకన్లలో వేడెక్కుతుంది, స్టాండులో పెట్టగానే వేడి తగ్గించుకుంటుంది, ఎక్కువ రాగి ఉన్న బోర్డు మీద కూడా తొణకదు. రోజంతా ఎలక్ట్రిక్ బండ్ల (ఈవీ) కంట్రోలర్లు విప్పే వర్క్‌షాపుకు కొనమనే చెప్తాను. మీకు రోజుకు మూడో నాలుగో పనులు. అందులో ఐరన్ చేతిలో ఉండేది మొత్తం కలిపి గంటన్నర ఉంటుందా? మిగతా సమయమంతా మల్టీమీటర్ పట్టుకుని లోపం వెతకడానికే పోతుంది కదా.

ఇక ఆ 14 శాతం. అది ఫ్లాట్ రేటు అయి ఉంటుంది, అడిగి తేల్చుకోండి. 45 వేలకు ఏడాదిన్నర వడ్డీ 9,450, మొత్తం 54,450, నెలకు 3,025. ప్రతి నెలా అసలు కొంత తీరుస్తూనే ఉంటారు, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొదటి రోజు తీసుకున్న 45 వేల మీదే కడతారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది ఏడాదికి 25 శాతం దగ్గర తేలుతుంది. అంటే నూటికి రెండు రూపాయల పైమాటే. ఊళ్లో ఎవరైనా నూటికి రెండు అంటే రూపాయిన్నరకు బేరమాడతాం, షోరూంలో 14 శాతం అనగానే సంతకం పెట్టేస్తాం. ప్రాసెసింగ్ ఫీజు నేనింకా కలపనే లేదు.

7 వేల మిగులులో 3,025 ఏడాదిన్నర పాటు కట్టేసుకోవడం మీ ఊళ్లో మరీ ప్రమాదం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది మీ పలాస దగ్గరే. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేనిదే మీ షాపుకు బోణీ లేదు, ఈఎంఐ తేదీ మాత్రం ఆగదు. ఇంటి ఖర్చు, షాపు ఖర్చు కలిపితే నెలకు 24,500. బ్యాంకులో ఉన్న 40 వేలు రెండు నెలలకు కూడా చాలవు. అందులోంచి 10 వేలు డౌన్ పేమెంటుకు తీసి, పైన ఈఎంఐ నెత్తిన పెట్టుకోవద్దు.

టాక్స్ కలిసొస్తుందన్న మాట మీకు వర్తించదు. మీ ఆదాయం ఏడాదికి 3 లక్షల పైచిలుకు. కట్టే పన్నే లేనప్పుడు తగ్గేదేముంటుంది? జీఎస్టీ కూడా అంతే. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకే అది వెనక్కి సర్దుబాటవుతుంది, మీకు ఆ 18 శాతం ధరలో భాగమే. వారంటీ కోసం బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి.

మిగిలినవి 4,500, 14,000. ఇక్కడ నేను కొంచెం ఊగిసలాడాను. మీరు రాసిన చైనా మోడల్ టీ12 రకం బిట్లు తీసుకుంటుంది. హీటరు, సెన్సర్, మొన అన్నీ ఒకే కడ్డీలో ఉంటాయి కాబట్టి వేడి త్వరగా అందుతుంది, పనితనంలో తీసిపారేయడానికి లేదు. కాకపోతే మొన పాడైతే హీటరుతో సహా పారేయాలి. 14 వేల దాంట్లో హీటరు వేరు, బిట్ దాని మీద తొడుగులా కూర్చుంటుంది, అరిగితే తొడుగు ఒక్కటే మార్చుకుంటారు. ఏడాదికి మూడు నాలుగు బిట్లు మార్చేవారికి ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

నన్ను 14 వేల వైపు మొగ్గేలా చేసింది ఎర్త్. చవక స్టేషన్లలో కొన్నింటికి ప్లగ్గుకు మూడో పిన్ను ఉంటుంది కానీ, లోపల దాని వైరు హ్యాండిల్ దాకా వెళ్లదు. బిట్ మీద తేలే లీకేజీ, స్టాటిక్ మీరు బాగుచేస్తున్న ఐసీ మీదికే పోతాయి. ఏది కొన్నా, డబ్బు ఇచ్చే ముందు కౌంటరు దగ్గరే మల్టీమీటర్ అడగండి. ప్లగ్గు పీకేసి, ఒక ప్రోబ్ బిట్ మొనకు, ఇంకోటి ప్లగ్గు ఎర్త్ పిన్నుకు పెడితే 2 ఓమ్‌ల లోపు చూపించాలి. చూపించకపోతే అక్కడే వదిలేసి రండి.

అంతకంటే ముందు మీ షాపు సాకెట్ చూడండి. పాత కాంప్లెక్సుల్లో మూడో రంధ్రం వెనక వైరే ఉండని షాపులు నేను చాలా చూశాను. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ సరిచూపించండి. గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు వేయాల్సి వస్తే ఆ ఖర్చు బిల్డింగ్ ఓనరుతో మాట్లాడండి. ఒప్పుకోకపోతే మీరే పెట్టుకోండి, స్టేషన్ ఒక నెల వెనక్కి జరిగినా పర్వాలేదు.

నా సలహా ఇలా ఉంటుంది. ఈ నెల నోట్‌బుక్ రాస్తూ ఎర్తింగ్ చూపించుకోండి, మిగిలిన 7 వేలు పక్కన పెట్టండి. నెల తిరిగాక డ్రై సోల్డరే కారణమని తేలితే, పక్కన పెట్టిన దానికి బ్యాంకు నుంచి ఇంకో 7 వేలు కలిపి 14 వేలది కొనండి. తీసిన 7 వేలు మరుసటి నెలే తిరిగి వేయండి. నెలకు 1,800 చొప్పున ఎనిమిది నెలల్లో స్టేషన్ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. నోట్‌బుక్ ఇంకేదైనా చెబితే, ఆ 14 వేలు అలాగే ఉంచి ముందు పార్టులు కొనే షాపు మార్చండి.

కొన్నాక నెలకు 300 బిట్ల కోసం వేరే డబ్బాలో వేయండి. బిట్ పాడవకుండా చూసుకుంటే ఆ డబ్బాలో సగం మిగులుతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర మా మావయ్యకు రేడియో రిపేరు షాపు ఉండేది. ఆయన ఐరన్‌కు రాగి బిట్ ఉండేది. తగరంలో రాగి కొంచెం కొంచెం కరుగుతూ పోతుంది కాబట్టి మొన గుంటలు పడేది, పొద్దున్నే ఆకురాయితో సానబెట్టడం నా పని. తర్వాత ఆయన కొత్త రకం బిట్ తెచ్చారు, పైన ఇనుప పూత ఉన్నది. అలవాటు కొద్దీ దాన్నీ రాచేశాను. మూడో రోజుకల్లా లెడ్ పట్టడం మానేసింది, మొన నల్లగా కాకరకాయలా అయిపోయింది. మావయ్య ఏమీ అనలేదు, ఆ బిట్ ధర నా దసరా మామూలులో కోసుకున్నారు.

స్టేషన్ బిట్‌లన్నింటికీ ఆ ఇనుప పూతే ప్రాణం. ఆకురాయి, గరుకు కాగితం దగ్గరికి రానివ్వకండి. ఇత్తడి పీచులో రెండుసార్లు దింపితే చాలు. స్పాంజే వాడతానంటే తడిపి గట్టిగా పిండాలి, నీళ్లు కారేలా ఉంటే ప్రతిసారీ బిట్ జివ్వుమని చల్లారుతుంది. బోరు నీళ్లలోని ఉప్పు మొన మీద పేరుకుంటుంది, మీ దగ్గర ఎలాగూ ఉండే ఇన్వర్టర్ బ్యాటరీ వాటర్ వాడండి. రేకు పనివాళ్లు వాడే యాసిడ్ పేస్ట్ ముట్టుకోవద్దు.

వేడి విషయంలో పిసినారితనం చూపినంత మంచిది. 63/37 లెడ్ (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది, బిట్ 320, 340 మధ్య పెడితే సరిపోతుంది. సీసం లేని సోల్డర్ వాడిన బోర్డుల మీద 217 దాటితే గానీ అది కరగదు కాబట్టి 350, 370 దాకా వెళ్లొచ్చు. పని త్వరగా అవుతుందని 420 పెట్టి టీకి వెళ్లిపోతే, మీరు వచ్చేసరికి మొన నల్లబడి ఉంటుంది. రాత్రి షట్టర్ దించే ముందు మొన మీద ఒక లెడ్ బొట్టు వేసి, తుడవకుండా స్విచ్ ఆపేయండి. ఆ బొట్టే రాత్రంతా గాలి తగలకుండా కాపాడుతుంది. లెడ్‌లో సీసం ఉంటుంది కాబట్టి, అన్నానికి కూర్చునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం కూడా ఈ ఖాతాలోనే రాసుకోండి.

పాత 25 వాట్ల ఐరన్ పారేయకండి. బ్యాటరీ లగ్గులకు, స్పీకర్ వైర్లకు అదే వాడి కొత్తదాన్ని అరగకుండా చూసుకోండి. దానికి ఉన్నది రాగి బిట్టే అయితే, మీ ఆకురాయికి ఇంకా పని ఉన్నట్టే.