బ్రిటన్‌లో లేబర్ పార్టీకి కార్మికులు ఎందుకు దూరమయ్యారు?

చాలామంది బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) వల్ల అంటారు. అది సగం జవాబే. 2019 ఎన్నికల్లో లేబర్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ ఒకప్పటి సీటు సెడ్జ్‌ఫీల్డ్ ప్రత్యర్థి పార్టీ కన్సర్వేటివ్‌ల చేతికి పోయింది. మాజీ గని కార్మికుడు డెనిస్ స్కిన్నర్ 1970 నుంచి గెలుస్తూ వచ్చిన బోల్సోవర్ కూడా పోయింది. కానీ దెబ్బ అంతకు చాలా ముందే తగిలింది.

1984-85లో గని కార్మికుల సమ్మె ఓడిపోయాక బొగ్గు గనులు వరసగా మూతపడ్డాయి. గని పోతే జీతం ఒక్కటే పోదు. దాంతోపాటు యూనియన్, కార్మికుల క్లబ్బు బలహీనపడ్డాయి. ఊళ్లో కుర్రాళ్లు రాజకీయం నేర్చుకున్నది అక్కడే, పార్టీకి వాళ్ల కష్టం తెలిసిందీ అక్కడినుంచే. తర్వాత వచ్చిన గోదాములు, కాల్ సెంటర్ల ఉద్యోగాల్లో యూనియన్ పెద్దగా నిలవలేదు. అటు పార్టీలో గని నుంచి వచ్చిన ఎంపీలు తగ్గి, యూనివర్సిటీ చదువుల నుంచి నేరుగా వచ్చినవాళ్లు పెరిగారు. నా దృష్టిలో అసలు కారణం ఇదే.

ఇంకో సంగతి. ఈ కార్మికులందరూ వెంటనే అవతలి పార్టీకి వెళ్లలేదు, ముందు ఓటేయడమే మానేశారు. 1997లో 71 శాతం ఉన్న పోలింగ్ 2001లో 59కి పడిపోయింది. లేబర్ గెలుస్తూనే ఉంది కాబట్టి ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. 2016లో బ్రెగ్జిట్‌పై జరిగిన రెఫరెండం వాళ్లలో పేరుకున్న కోపానికి దారి చూపించింది.

2024లో లేబర్ 411 సీట్లు గెలిచింది, ఓట్లు మాత్రం సుమారు 34 శాతమే. పాత కార్మిక ప్రాంతాల్లో చాలాచోట్ల బ్రెగ్జిట్ అనుకూల పార్టీ రిఫార్మ్ యూకే రెండో స్థానంలో నిలిచింది.