తనంతట తనే తిరిగే బల్బు కెమెరా: ఓనర్ ఎవరో చూడు
తమ్మీ, మిర్యాలగూడ దుకాణంలో పెట్టించిన బల్బు కెమెరా (బల్బు హోల్డర్‌లో బిగించే కెమెరా) నువ్వు ముట్టకున్నా తిరుగుతుందని రాసినవ్. ముందుగాల యాప్‌లో మోషన్ ట్రాకింగ్ (కదిలేదాని వెంట తిరిగే సెట్టింగ్) ఆపి చూడు, పిల్లి పోయినా తల తిప్పుతది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఓ చుట్టు తిరుగుతది, దానికి భయపడకు.

అప్పటికీ తిరుగుతుంటే, యాప్‌లో ‘షేర్డ్’ అని ఉందేమో చూడు. ఉంటే కెమెరా ఖాతాకు ఓనర్ చాలావరకు బిగించినాయనే. తన ఫోన్‌తో ఖాతా తెరిచి నీకు షేర్ మాత్రమే చేసిండు. ఇది చానా పెద్ద తప్పు, ఊకోకు. రీసెట్ ఒక్కటే కొడితే చాలా మోడళ్లలో ఆ ఖాతా పోదు. ఆయన్ని పిలిచి నీ ముందరే ఆయన యాప్‌లోంచి ఈ కెమెరాను డిలీట్ చేయించు. వైఫై పాస్‌వర్డ్ ఆయనకు తెలుసు కాబట్టి అదీ మార్చు. తర్వాత రీసెట్ బటన్ బీప్ వచ్చేదాక నొక్కిపట్టి, నీ ఖాతాలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలుపు. రౌటర్‌లో యూపీఎన్‌పీ (బయటి నెట్ నుంచి కెమెరాకు దారి తనంతట తనే తెరిచే సెట్టింగ్) బంద్ చెయ్. కెమెరా రిపేరుకు ఇస్తే మెమరీ కార్డు తీసి నీ దగ్గరే పెట్టుకో.